పూత మీద అమ్ముకున్న రాష్ట్రం

నూజివీడు చుట్టుపక్కల ఇది పూత కాలం. ఆగిరిపల్లి నుంచి ముసునూరు దాకా, చాట్రాయి నుంచి రెడ్డిగూడెం దాకా ఏ తోట గట్టున నిలబడినా అదే వాసన, అదే తేనెటీగల రొద. బేరగాళ్లు దిగేదీ ఇప్పుడే. బండి గట్టున ఆపుతారు. చెట్ల మధ్య నాలుగు సాళ్లు తిరుగుతారు. తలెత్తి చూసి, లోలోపల లెక్క కట్టుకుని ఇంత అంటారు. పిందె కట్టకముందే, గాలివాన ఎటు కొడుతుందో తెలియకముందే, తేనెమంచు పురుగూ నల్ల తామరా ఎంత తిని ఎంత వదులుతాయో తేలకముందే బేరం కుదురుతుంది. రైతు చేతిలో డబ్బు పడుతుంది. ఆ క్షణం నుంచి కాయ అతనిది కాదు.

ఏటి కాపు ఏటికి అమ్ముకుంటే ఎవరూ తప్పుపట్టరు. గాలివాన భయం కొనేవాడి నెత్తికి పోతుంది, రైతుకు రాత్రి నిద్ర పడుతుంది. రెండేళ్లకూ మూడేళ్లకూ కలిపి రాసిచ్చినప్పుడే చిక్కు. మా పెద్దనాన్న అదే చేశాడు. పన్నెండెకరాల బంగినపల్లి, మధ్యమధ్య చిన్నరసాలు. కూతురి పెళ్లికి డబ్బు చాలక మూడేళ్ల కాపు ఒకేసారి రాసిచ్చేశాడు. మొదటి ఏడు బాగానే గడిచింది. రెండో ఏడు పూత పలచగా ఉందని కొన్నవాడు చెట్ల మొదళ్లలో కల్టార్ అనే పూత మందు పోయించాడు. పూత విరగబడి వచ్చింది. మూడో ఏడూ పోయించాడు. ఎరువు వెయ్యలేదు, దున్నించలేదు, ఎండు కొమ్మ ఒక్కటి తీయించలేదు. ఎందుకు తీయిస్తాడు? నాలుగో ఏడు చెట్టు ఎలా ఉంటే అతనికేం? తోట తిరిగి చేతికొచ్చేసరికి కొమ్మల చివళ్లు ముడుచుకుపోయాయి, ఆకు చిన్నబోయింది, కాయ లేదు. చెట్టు తేరుకోవడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లూ ఆ తోటలో చాకిరీ చేసింది పెద్దనాన్న కొడుకు, కాలేజీ మానేసి వచ్చి. పెళ్లి డబ్బు ఖర్చుపెట్టిన చేయి వేరు, తీర్చిన చేయి వేరు.

ఇంటి సంగతి బయటపెట్టడానికి కారణం ఉంది. మన రాష్ట్రం కూడా తన రాబడిని పూత మీద, ఏళ్ల తరబడి రాసిచ్చేస్తోంది. కొత్త బడ్జెట్టు అసెంబ్లీ ముందుకు వచ్చే రోజులివి. సంతకాలు పడ్డాక అనుకుని లాభం లేదు కాబట్టి ఈ హెచ్చరిక ఇప్పుడే చెయ్యాలి.

రాసిచ్చిన కాగితాలు చూద్దాం. 2018 ఆగస్టులో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ అమరావతి బాండ్ల పేరిట 2,000 కోట్లు తెచ్చింది, వడ్డీ 10.32 శాతం, పూచీ రాష్ట్ర ప్రభుత్వానిది. 2020లో రాష్ట్ర అభివృద్ధి కార్పొరేషన్ అని ఒక సంస్థను చట్టం చేసి పుట్టించారు. దానికి కొట్టు లేదు, సరుకు లేదు, అమ్మడానికి ఏమీ లేదు. మద్యం మీద వేసే అదనపు పన్నును దాని ఖాతాకు మళ్లించి, ఆ రాబడిని చూపించి బ్యాంకుల దగ్గర వేల కోట్లు తెచ్చి, సంక్షేమ పథకాలకు పంచారు. 2022 జూన్‌లో బెవరేజెస్ కార్పొరేషన్ బాండ్లు అమ్మి 8,305 కోట్లు తెచ్చింది, వడ్డీ 9.62 శాతం. ప్రభుత్వం మారింది. 2025లో ఖనిజాభివృద్ధి సంస్థ బాండ్ల రూపంలో 9,000 కోట్లకు సిద్ధమైంది, వడ్డీ 9.3 శాతం. తాకట్టు పెట్టింది గనుల రాబడిని. వాయిదా తప్పితే అప్పిచ్చినవాళ్లు రిజర్వు బ్యాంకులోని రాష్ట్ర ఖజానా ఖాతా నుంచే నేరుగా తీసుకునే వీలు కల్పించారన్న వివాదం హైకోర్టు దాకా వెళ్లింది.

పార్టీల రంగు చూసి ఈ వరుసలో ఒకదాన్ని తిట్టి ఇంకోదాన్ని మెచ్చుకునేవాళ్లతో నాకు పని లేదు. రంగు మారినా కాగితం మారలేదు.

ఆ వడ్డీలను మన ఊరి లెక్కలోకి మార్చుకుందాం. 9.62 శాతం అంటే నూటికి నెలకు 80 పైసలు. అమరావతి బాండ్లది 86 పైసలు. వినడానికి చవకే. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి మందు కొట్టించే రైతుకు ఎనభై పైసలు దొరికితే పండగ. కానీ ప్రభుత్వం మనలాంటి అప్పరి కాదు. రాష్ట్రం తన పేరు మీద, బడ్జెట్టులో చూపించి, రిజర్వు బ్యాంకు మంగళవారం వేలాల్లో బాండ్లు పెడితే 2025లో ఏడు శాతం దరిదాపుల్లోనే డబ్బు పుట్టింది. అంటే 58, 60 పైసలు. అదే రాష్ట్రం, అదే పూచీ, మధ్యలో ఒక కార్పొరేషన్‌ను నిలబెట్టినందుకు రెండు శాతానికి పైగా ఎక్కువ. 9,000 కోట్ల మీద రెండు శాతం అనుకున్నా ఏడాదికి 180 కోట్లు. అప్పును బడ్జెట్టు పుస్తకంలో పడకుండా పక్కన పెట్టుకోవడానికి మనం కట్టే అద్దె అది.

బెవరేజెస్ బాండ్ల సంగతి ఇంకా దగ్గరగా చూడండి. 8,305 కోట్ల మీద 9.62 శాతమంటే మొదట్లో ఏడాదికి 800 కోట్లకు ఒక్క కోటి తక్కువ. రోజుకు 2 కోట్ల 19 లక్షలు. అసలు వేరే. ఆ వడ్డీ ఎక్కడి నుంచి రావాలి? సాయంత్రం పూట కూలి డబ్బులతో దుకాణం ముందు నిలబడే మనిషి దగ్గర నుంచి రావాలి. మా ఊళ్లో కాయ కోతకు వచ్చేవాళ్లున్నారు. పొద్దున ఆరింటికి చిక్కం కర్ర భుజాన వేసుకుని తోటలోకి వస్తారు, ఎండ నెత్తికెక్కేదాకా కోసి, ట్రేలు మోసి లారీకెత్తి, మధ్యాహ్నానికి చేతిలో డబ్బుతో ఊళ్లోకి పోతారు. ఆ డబ్బులో ఎంత ఇంటికి చేరుతుందో వాళ్ల ఆడవాళ్లనడగండి. రాష్ట్రం అప్పు తీరాలంటే ఆ మనిషి రేపూ తాగాలి, ఎల్లుండీ తాగాలి. తాగుడు తగ్గితే వాయిదా తప్పుతుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆ ఊరి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. ఎన్టీ రామారావు మళ్లీ అధికారంలోకి వచ్చి 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం పెట్టారు. రెండేళ్లు తిరిగాక ఖజానా ఖాళీ అయిందంటూ 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని సడలించింది. అప్పుడు ప్రభుత్వానికి ఉన్న అడ్డంకి రాబడి పోతుందన్న భయం ఒక్కటే. ఇప్పుడు దూబగుంట లాంటి ఊరు మళ్లీ లేస్తే, ప్రభుత్వం నిజంగానే ఒప్పుకున్నా, బాండ్లు కొన్నవాళ్లు ఒప్పుకోవాలి. 2019 ఎన్నికల్లో దశలవారీగా మద్య నిషేధమని మాటిచ్చిన ప్రభుత్వమే ఆ తర్వాత మద్యం రాబడిని ఏళ్లకేళ్లు తాకట్టు పెట్టింది. ఓటుతో మార్చుకోగలిగే సంగతులు ఒకటొకటిగా మన చేతుల్లోంచి జారిపోవడమంటే ఇదే. నాకు అన్నిటికంటే భయం పుట్టించేదీ ఇదే.

ఇక బడ్జెట్టులో కనిపించే అప్పు. 2025 ఫిబ్రవరి 28న ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ 3.22 లక్షల కోట్ల బడ్జెట్టు చదివారు. అందులో ద్రవ్యలోటు అంచనా 79,926 కోట్లు. ఏడాదిలో కొత్తగా తేవాల్సిన అప్పు కాస్త అటూ ఇటూగా అంత. రోజుకు 219 కోట్లు. రాష్ట్రంలో అయిదు కోట్ల మంది ఉన్నారనుకుంటే తలకు 16 వేలు, నలుగురున్న ఇంటికి 64 వేలు. ఒక్క ఏడాదిలో. అన్నదాత సుఖీభవ కింద కేంద్రం ఇచ్చే ఆరు వేలతో కలిపి రైతు ఇంటికి ఏడాదికి 20 వేలు వస్తాయి. ఆ ఇరవై వేలు మన ఖాతాలో పడ్డాయని ఫోనుకు మెసేజ్ వస్తుంది. అరవై నాలుగు వేలు మన పేరున రాసుకున్నారని ఏ మెసేజూ రాదు.

అప్పు మొత్తం దండగ అనడం అన్యాయం. రోడ్డుకో కాలువకో పెడితే అది మిగులుతుంది. కానీ ఆ బడ్జెట్టులోనే రెవెన్యూ లోటు 33,185 కోట్లని రాసి ఉంది. అంటే తెచ్చే ప్రతి 100 రూపాయల అప్పులో 41 రూపాయలకు పైగా జీతాలకు, పింఛన్లకు, పాత వడ్డీలకు, రోజువారీ ఖర్చుకు పోతుంది. ఏడాది తిరిగేసరికి ఆ 41 రూపాయల గుర్తుగా కంటికి కనబడే వస్తువేదీ ఉండదు, వడ్డీ తప్ప. మొక్క నాటడానికి అప్పు తెచ్చేవాడికి బ్యాంకు మేనేజరు కుర్చీ వేస్తాడు. నెలవారీ వెచ్చాలకు అప్పు అడిగేవాడిని అదే మేనేజరు ఎగాదిగా చూస్తాడు. ఆ చూపు మనం మన ప్రభుత్వాల మీద ఎప్పుడైనా సారించామా?

అసలు మొత్తం అప్పెంత అని అడిగితే ఒక్క జవాబు రాదు. పార్లమెంటులో కేంద్రం చెప్పిన లెక్క ప్రకారం 2019 మార్చికి 2,64,451 కోట్లు, 2023 మార్చికి 4,42,442 కోట్లు. 2024 జూలై 26న ముఖ్యమంత్రి చంద్రబాబు అసెంబ్లీలో విడుదల చేసిన శ్వేతపత్రం 9.74 లక్షల కోట్లంది, కార్పొరేషన్ల అప్పులు, విద్యుత్ సంస్థలవి, చెల్లించాల్సిన బిల్లులు అన్నీ కలిపి. ప్రతిపక్షం ఆ లెక్క తప్పంది. చాట్రాయి అవతల సరిహద్దు దాటినా అదే కథ. 2014–15లో 72,658 కోట్లున్న తెలంగాణ అప్పు 6,71,757 కోట్లకు చేరిందని 2023 డిసెంబరు 20న అక్కడి కొత్త ప్రభుత్వం శ్వేతపత్రం పెట్టింది, పాత ప్రభుత్వం కాదంది. ఇంటి యజమాని చనిపోయాక బీరువాలో ప్రోనోట్లు వెతుక్కునే ఇల్లు చూశారా? అయిదేళ్లకొకసారి మనదదే పని. ప్రభుత్వం మారితే తప్ప అప్పు పత్రాలు బయటికి రావడం లేదు. వచ్చినవీ పాతవాళ్లను తిట్టడానికి పనికొచ్చేంతవరకే.

రాజ్యాంగం ఈ ప్రమాదం ఊహించకపోలేదు. 293వ అధికరణం ప్రకారం కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కేంద్రం అనుమతి లేకుండా కొత్త అప్పు తేకూడదు. 2005లో మన అసెంబ్లీయే ద్రవ్య బాధ్యత చట్టం చేసుకుంది. ఆ కంచెకు కన్నం పెట్టి దూరిందే కార్పొరేషన్ల దారి. 2022 మార్చిలో కేంద్ర ఆర్థిక శాఖ, బడ్జెట్టు బయట తెచ్చే అప్పును కూడా రాష్ట్రం అప్పుగానే లెక్కగడతామని రాష్ట్రాలకు రాసింది. దొడ్డిదారి కొంత ఇరుకైంది, మూసుకుపోలేదు.

శ్రీలంకలా అవుతామని కొందరు భయపెడుతున్నారు. ఆ పోలిక సగమే నిజం. అక్కడ 2019 చివర్లో వ్యాట్‌ను 15 శాతం నుంచి 8 శాతానికి కోశారు, పన్ను తగ్గించి జనాన్ని మెప్పించారు, లోటును అప్పుతోనూ అచ్చువేసిన నోట్లతోనూ పూడ్చారు. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పు కట్టలేమని చేతులెత్తేశారు. పెట్రోలు కోసం రోజుల తరబడి క్యూలు. మన రాష్ట్రానికి సొంత నోటు లేదు, సొంత డాలర్ల నిల్వ లేదు. అలా ఒక్కరోజులో కూలిపోదు. మన కూలిపోవడం వేరే తరహా. అది చప్పుడు లేకుండా, ముక్కలు ముక్కలుగా, ఊరూరా జరుగుతుంది. రిజర్వు బ్యాంకు దగ్గర చేబదుళ్లు, అవి దాటితే ఓవర్‌డ్రాఫ్టు. అదీ వరసగా 14 పనిదినాలు మించితే చెల్లింపులు ఆగిపోతాయి. ఆ గీత దాటకుండా ఉండటానికి ఆర్థిక శాఖ ఏం చేస్తుంది? ఎవరి బిల్లు ఆపితే ఎక్కువ గొడవ కాదో వాళ్లది ఆపుతుంది.

అలా ఆగినవి మన కళ్ల ముందే ఉన్నాయి. 2021లో పంచాయతీలకు కేంద్ర ఆర్థిక సంఘం ఇచ్చిన నిధులను కరెంటు బకాయిల కింద మళ్లించారు. పార్టీలకతీతంగా సర్పంచులు రోడ్డెక్కారు. వీధిలైటు మార్చాలన్నా, బోరు మోటారు బాగుచేయించాలన్నా సొంత జేబు తడుముకున్న సర్పంచులు మన మండలాల్లోనూ ఉన్నారు. బిందు సేద్యం పరికరాలిచ్చే కంపెనీలకు బకాయిలు పేరుకుపోయి ఆ పథకమే కొంతకాలం పడకేసింది. 2014లో రైతు రుణమాఫీ అని చెప్పి విడతలుగా ఇస్తామన్నారు. నాలుగో విడత, అయిదో విడత 2019లో ప్రభుత్వం మారేసరికి గాల్లో కలిశాయి. రుణమాఫీ అర్హత పత్రం పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరిగినవాళ్లను నేను స్వయంగా చూశాను. ఆ కాగితం మడతల దగ్గర చిరిగి, సెల్లోటేపు అంటించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరిగేవాడు మా పక్క తోట రైతు. ఇప్పటికీ పారెయ్యలేదు.

వాయిదా వేసిన ఖర్చు ఇంటికి ఎలా తిరిగొస్తుందో చూడాలంటే కరెంటు బిల్లు తీసి చూడండి. మీటరు తిరిగిన యూనిట్లకు ఒక వరుస ఉంటుంది. దాని కింద ట్రూ అప్ అని, ఇంధన సర్దుబాటు అని ఇంకో వరుస. 2014 నుంచి 2019 మధ్య డిస్కంలు పెట్టిన ఖర్చుకు అప్పట్లో వసూలు చెయ్యని సొమ్మును 2022 ఆగస్టు నుంచి నెలనెలా బిల్లులో కలపడం మొదలుపెట్టారు. 2017లో పెళ్లింట్లో వెలిగిన సీరియల్ బల్బుల ఖర్చును 2023లో పురిటికి పుట్టింటికి వచ్చిన పిల్ల ఫ్యాను కింద పడుకుని కడుతోంది. అప్పటి ఎన్నికల ముందు చార్జీలు పెంచలేదని చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ చప్పట్లకు వడ్డీతో సహా బిల్లు వచ్చింది.

మరి పన్నులు వెయ్యమంటావా అని నన్నడుగుతారు. అవును, కావలసినదానికి పన్నే వెయ్యాలి. ఎవరి మీద వెయ్యాలో తర్వాత పోట్లాడుకుందాం. ఇప్పుడున్న పన్నులు న్యాయమైనవని నేనను. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్రం చేతిలో మిగిలినవి పెట్రోలు, డీజిల్, మద్యం, రిజిస్ట్రేషన్లు, బండ్ల పన్ను. పెట్రోలు మీద దేశంలో పైవరసలో వసూలు చేసే రాష్ట్రాల్లో మనదొకటి. ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీకి పోయే మామిడి లారీ కిరాయిలో ఆ భారం ఉంది, చివరికి అది రైతు ధరలోంచే తరుగుతుంది. మరోవైపు ఆగిరిపల్లి రోడ్డు వెంట తోటలు నరికి ప్లాట్లు వేస్తున్నారు. ఎకరం ధర చూస్తుండగానే ఎన్నో రెట్లు అయింది. ఆ పెరిగిన విలువలో ఖజానాకు చేరేదెంత? ఉన్నవాడి దగ్గర అడిగితే ఓటు, విరాళం రెండూ పోతాయని భయం. లేనివాడి దగ్గర అడిగితే ఓటు పోతుందని భయం. ఇంకా పుట్టనివాడికి ఓటు లేదు, విరాళమివ్వలేడు, ధర్నాకు రాడు. అందుకని వాడి పేరున రాస్తున్నారు.

పన్నుకు ఇంకో గుణం ఉంది. పన్ను కట్టినవాడికి కళ్లు తెరుచుకుంటాయి. 1996లో నీటి తీరువాను ఒక్కసారిగా దాదాపు మూడు రెట్లు చేశారు. ఎకరం మొదటి పంట వరికి 200 రూపాయలు. తిట్లు తిన్నారు. కానీ మరుసటేడే, 1997లో, సాగునీటి వినియోగదారుల సంఘాల చట్టం వచ్చింది. కాలువ పూడిక తీతకు ఎంత ఖర్చయిందో, లస్కరు నీళ్లు ఎటు మళ్లించాడో రైతులే కూర్చుని లెక్క అడిగారు. సంఘాల్లో రాజకీయం దూరిందా, దూరింది. అయినా సాగర్ ఎడమ కాలువ చివరి భూముల రైతు తన రెండొందలు ఏమయ్యాయని అధికారిని నిలదీసిన రోజులవి. బాండ్ల అప్పుతో కట్టిన పనిని నిలదీయడానికి ఎవరు వస్తారు? జేబులోంచి ఏమీ పోలేదనుకున్నవాడు లెక్క అడగడు. అప్పు చేసే ప్రభుత్వానికి ఉన్న సుఖం అదే.

మంచి అప్పు లేదని కాదు. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని మీద పెట్టిన ధనం కృష్ణా డెల్టా ఎన్ని తరాలు తిన్నదో లెక్కకందదు. మన మెట్టకు కూడా అలాంటిదొకటి రావాల్సింది. చింతలపూడి ఎత్తిపోతల పథకాన్ని 2008లో మొదలుపెట్టారు. గోదావరి నీరు పశ్చిమ గోదావరి, కృష్ణా మెట్ట మండలాలకు తెచ్చి 4.80 లక్షల ఎకరాలు తడుపుతామన్నారు. 2020లో దాని కోసమే నాబార్డు 1,931 కోట్ల రుణం మంజూరు చేసింది. నూజివీడు తోటలకు ఆ నీరు నేటికీ రాలేదు. బోర్లు మాత్రం ఏటికేడు లోతుకు పోతున్నాయి. అక్కరకొచ్చే అప్పు కాగితం మీద నిలిచిపోయి, అక్కరలేని అప్పు ఖర్చయిపోవడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. కాలువ తవ్వితే కాపు కాసేసరికి ఎన్నికలు దాటిపోతాయి.

అలాగని కాంక్రీటు పోసిన ప్రతి అప్పూ మంచిదనుకోవద్దు. తెలంగాణలో కాళేశ్వరం కోసం ప్రత్యేక కార్పొరేషన్ పెట్టి వేల కోట్లు తెచ్చారు. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. బ్యారేజీ కుంగినా వాయిదా కుంగదు. ప్రతి మూడు నెలలకూ దాని పాటికది వస్తూనే ఉంటుంది.

రాబడిని అప్పులవాళ్లకు రాసిచ్చిన రాజ్యాల గతి తెలుగువాళ్లకు పుస్తకాలు చూసి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. కంపెనీ సైన్యం ఖర్చు భరించలేక 1800లో నిజాం బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాడు. దత్త మండలాలన్న పేరు అలా వచ్చింది. అది చాలక 1853లో సైన్యం బకాయిల కింద బేరారు రాబడిని అప్పగించాడు. వడ్డీ, ఖర్చులు పోను మిగిలింది తిరిగిస్తామన్నారు. 1902లో ఏడాదికి 25 లక్షల కౌలు పడేసి శాశ్వతంగా ఉంచేసుకున్నారు. అక్కడి రైతులను ఎవరూ అడగలేదు. నిజాం సంతకం చాలింది. మనకు ఓటుంది, అసెంబ్లీ ఉంది. సంతకం పెట్టకముందు అడిగే హక్కుంది.

కాబట్టి అడుగుదాం. నూజివీడు ఎమ్మెల్యే కొలుసు పార్థసారథి గారు మంత్రివర్గంలో ఉన్నారు. సమాచార శాఖ ఆయనదే, మంత్రివర్గ నిర్ణయాలను విలేకరులకు వివరించేదీ తరచూ ఆయనే. ఫలానా కార్పొరేషన్ రుణానికి ప్రభుత్వ పూచీ అని ఒక్క వాక్యం చదివేసి ముందుకు పోకుండా, వడ్డీ ఎంత, ఎన్నేళ్లు, ఏ రాబడి తాకట్టు, ఆ డబ్బుతో ఏం కొంటున్నారు అన్నవి కూడా అక్కడే చెప్పమని అడుగుదాం. బడ్జెట్టు పుస్తకంలో ఒక్క పేజీ చాలు. బడ్జెట్టు లోపలి అప్పు, బయటి అప్పు, పూచీలు, కట్టని బిల్లులు పక్కపక్కన వేసి ఒక్క మొత్తం రాయాలి, అధికార పక్షం, ప్రతిపక్షం రెండూ కాదనలేని మొత్తం. ఏ ప్రభుత్వమైనా తన పదవీకాలం దాటి రాబడిని తాకట్టు పెట్టాలంటే అసెంబ్లీలో చర్చ జరిగి, పేరుపేరునా ఓటు పడాలి. కొత్త పథకం ప్రకటించేవాళ్లు ఏ పన్నుతో ఇస్తారో అదే నోటితో, అదే సభలో చెప్పాలి. పింఛను తీసెయ్యమని ఎవరూ అనడం లేదు. నెలకు నాలుగు వేలతో మందులు కొనుక్కునే ముసలమ్మ ఈ రాష్ట్రాన్ని అప్పులపాలు చెయ్యలేదు. ఆమె పింఛను పదేళ్ల తర్వాత కూడా ఒకటో తారీఖునే రావాలంటే దాని కింద అప్పు కాక పన్ను ఉండాలి.

ఈలోగా ఇంటింటికీ ఒక జాగ్రత్త. ఫలానా నెలలో ప్రభుత్వ సొమ్ము పడుతుంది గదా అని ఆ ధీమాతో రెండు రూపాయల వడ్డీకి అప్పు తేకండి. సబ్సిడీ వెనక్కి వస్తుందని చెప్పి మొత్తం మీ చేత కట్టించుకునే పని ఏదైనా ఉంటే, అదే పనికి గతంలో ఎవరికి ఎన్ని నెలలకు వచ్చిందో పక్క ఊళ్లో కనుక్కున్నాకే కట్టండి. 2025లో తోతాపురి ధర పడిపోతే చిత్తూరు వైపు కిలోకు నాలుగు రూపాయలు ప్రభుత్వం ఇస్తానంది. అలాంటి మాట మనకూ వస్తే సంతోషమే, కానీ చేతికందేదాకా దాన్ని రాబడి కింద రాసుకోవద్దు. చిన్న కాంట్రాక్టరు పని చేసే కుర్రాళ్లకు మరీ చెబుతున్నాను. ఊరి పనులకు పెట్టుబడి పెట్టి, బిల్లు రాక ఇంట్లో బంగారం కుదువపెట్టినవాళ్లు ఈ నియోజకవర్గంలో ఎంతమందో మీకు నాకంటే బాగా తెలుసు.

నిన్న సాయంత్రం పెద్దనాన్న తోటకు వెళ్లాను. ఇప్పుడు అన్నయ్యదే ఆ తోట. గట్టు మీద ఇద్దరు బేరగాళ్లు నిలబడి ఉన్నారు. ఈ ఏడు కాపుతో పాటు వచ్చే రెండేళ్లది కూడా కలిపి రాసిస్తే చేతిలో రొక్కం పెడతామంటున్నారు. అన్నయ్య కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, ఫీజు కట్టాలి. అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి పోయి ఆ కుర్రాణ్ని పిలుచుకొచ్చి, ఆ బేరమేదో వీడి ఎదురుగా చెప్పమని వాళ్లతో అన్నాడు.